సొంత లారీకి లోడు ఎక్కడ పట్టాలి: ఆఫీసా, సీరియలా, పార్సిల్ కంపెనీయా, యాపా?

బండి కొన్న మొదటి ఏడాది, టన్నుకి 200 రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారని అలవాటైన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వదిలేసి కొత్త ఆఫీసు లోడు ఎక్కించాను. 24 టన్నులకి 4,800 రూపాయలు అదనం. సంతోషంగా ఇంటికి ఫోన్ చేసి చెప్పాను కూడా. తీరా బండి చేరాక గోడౌన్ దగ్గర నాలుగు రోజులు సరుకు దించలేదు. హాల్టింగ్ (బండి ఆగిన రోజులకి ఇచ్చే డబ్బు) గురించి ముందు మాట్లాడుకోలేదు కాబట్టి దానికి రూపాయి రాలేదు. మూడు బస్తాలు తడిశాయని బ్యాలెన్స్‌లో, అంటే అడ్వాన్స్ పోగా రావాల్సిన కిరాయిలో, కోశారు. మిగిలిన బ్యాలెన్స్ చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది, అదీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి. ఆ నెల ఈఎంఐకి చేబదులు తెచ్చాను.

అప్పటి నుంచి ఎవరు లోడు చెప్పినా కిరాయి సంగతి చివర అడుగుతాను. ముందు అడిగేవి వేరే ఉన్నాయి, వాటి గురించే ఇదంతా. ఒకటో రెండో బండ్లు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇరవై బండ్ల ఓనర్‌కి ఒకటి ఆగినా మిగతావి తిరుగుతాయి. మనకి ఉన్న ఒక్కటీ ఆగితే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

మన దగ్గర సొంత బండివాడికి లోడు దొరికే దారులు ఐదు. ఆటోనగర్‌లాంటి చోట ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు లేదా బ్రోకర్. సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గరో పోర్టు దగ్గరో లారీ ఓనర్ల అసోసియేషన్ సీరియల్, అంటే వరసలో మన బండి వంతు. పార్సిల్ కంపెనీకి నెలవారీ అటాచ్, అంటే బండిని వాళ్ల పనికే పెట్టడం. నేరుగా వ్యాపారితో మాట్లాడుకునే డైరెక్ట్ పార్టీ. ఫోన్‌లో లోడు చూపించే యాప్. వీటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పలేను. మీ బండి ఎన్ని టైర్లది, ఎంత పాతది, ఈఎంఐ ఉందా లేదా, స్టీరింగ్ మీరే పడతారా డ్రైవర్ని పెట్టారా, వీటిని బట్టి మారుతుంది.

ముందు రోజు లెక్క

కిరాయి ట్రిప్పుకి వస్తుంది. ఖర్చేమో రోజుకి అవుతుంది. ఈఎంఐ, ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇవేవీ బండి ఆగింది కదా అని ఆగవు. నేషనల్ పర్మిట్ కాంపోజిట్ ఫీజే ఏడాదికి 16,500. 20 టన్నుల పైన 40 టన్నుల లోపు బరువున్న లారీకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ఖరారు చేసినప్పుడే 43,950, పన్ను అదనం. అందుకని ఏ లోడునైనా "ఈ ట్రిప్పు అయ్యాక రోజుకి ఎంత మిగులుతుంది" అన్న ఒక్క అంకెతో కొలవాలి. రోజులంటే బండి నడిచిన రోజులే కాదు. లోడింగ్‌కి ఆగిన రోజు, దించడానికి ఆగిన రోజు, తిరుగు లోడు కోసం పడుకున్న రోజు, అన్నీ కలపాలి.

12 టైర్ల బండికి ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, ఈ రోజు మార్కెట్ రేట్లు కావు. మీ అంకెలు మీరు పెట్టుకోండి.

విజయవాడ నుంచి కోల్‌కతా, సుమారు 1,200 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు కిరాయి 70,000, వచ్చేటప్పుడు 45,000, మొత్తం 1,15,000. రానూపోనూ 2,400 కిలోమీటర్లకి లీటరుకి 4 చొప్పున 600 లీటర్లు, లీటరు 95 అనుకుంటే 57,000. టోల్ 14,000. బత్తా, లోడింగ్ మామూళ్లు, కాటా, పట్టా (టార్పాలిన్) కట్టించడం, దారి ఖర్చులు 13,000. కమీషన్ 3,000. ఖర్చు 87,000 పోతే 28,000 మిగిలింది. వినడానికి బాగుంది. ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. ప్రయాణం ఆరు రోజులు, అక్కడ దించడానికి రెండు, తిరుగు లోడు కోసం మూడు, ఇక్కడ దించడానికి ఒకటి. మొత్తం 12 రోజులు. అంటే రోజుకి 2,333.

ఇంకో బండి జగ్గయ్యపేట వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీ సీరియల్‌లో ఉందనుకోండి. 150 కిలోమీటర్ల లోడు, ఖాళీగా తిరిగి రావాలి. కిరాయి 15,000. డీజిల్ 75 లీటర్లు, 7,125. టోల్, బత్తా, మిగతావి 2,900. మిగిలింది 4,975. సీరియల్ రెండు రోజులకొకసారి వస్తే రోజుకి 2,487. మూడు రోజులకైతే 1,658. నాలుగు రోజులకైతే 1,243. అదే ఫ్యాక్టరీ, అదే కిరాయి, అదే బండి. మారింది సీరియల్ ఒక్కటే.

ఈఎంఐ 65,000 అయితే రోజుకి 2,167 పడుతుంది. అంటే కోల్‌కతా ట్రిప్పు ఈఎంఐ వరకు కట్టి, టైర్లకి దాదాపు ఏమీ మిగల్చదు. సిమెంట్ బండి రెండు రోజుల సీరియల్‌లో ఉంటే గట్టెక్కుతుంది, మూడు రోజులకి జారితే మునుగుతుంది.

ఈ రోజు అంకె తెలిస్తే దారిలో ఇంకో నిర్ణయం కూడా తేలికవుతుంది. కోల్‌కతాలో దించిన రోజే 35,000కి తిరుగు లోడు ఉందన్నారు, మూడు రోజులు ఆగితే 45,000 రావచ్చన్నారు. ఆగాలా వద్దా? అదనంగా వచ్చే 10,000ని మూడు రోజులతో భాగిస్తే రోజుకి 3,333. బండి మామూలుగా రోజుకి మిగిల్చేది 2,300 అయితే ఆగడమే లాభం. అదే, ఆగితే 5,000 మాత్రమే ఎక్కువ అయితే రోజుకి 1,667, వెంటనే ఎక్కించుకుని బయలుదేరాలి. చాలామంది ఇక్కడ రెండు వైపులా తప్పు చేస్తారు. కొందరు పట్టుదలకి పోయి వారం పడుకుంటారు, కొందరు ఇంటి మీద బెంగతో దొరికిన రేటుకి ఎక్కించేస్తారు.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, బ్రోకర్

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే ఏ ఊరికి ఏ రేటు నడుస్తోందో అరగంటలో తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద మంచి ఇదే. రేటు రోజు రోజుకీ మారుతుంది, సీజన్‌లో మనకి అనుకూలంగా మారుతుంది. నూజివీడు, నున్న వైపు మామిడి దిగినప్పుడు, గుంటూరు యార్డులో మిర్చి కదిలేటప్పుడు, రబీ ధాన్యం వచ్చినప్పుడు బండ్లు చాలవు. అప్పుడు నెల కాంట్రాక్ట్‌లో ఇరుక్కున్నవాళ్లు మనల్ని చూసి బాధపడతారు. రెండో మంచి అడ్వాన్స్. చాలా ఆఫీసులు లోడు ఎక్కగానే కిరాయిలో 80, 90 శాతం ఇచ్చేస్తాయి. డీజిల్‌కి చేతి డబ్బు పెట్టక్కర్లేదు.

చెడు ఏమిటంటే, మనకి లోడు చెప్పినవాడే పార్టీ (సరుకు పంపే వ్యాపారి) దగ్గర లోడు తీసుకున్నవాడని నమ్మకం లేదు. పార్టీ పెద్ద ట్రాన్స్‌పోర్టర్‌కి ఇస్తాడు, ఆయన ఇక్కడి ఆఫీసుకి చెబుతాడు, ఆఫీసు బ్రోకర్‌కి, బ్రోకర్ మనకి. చేతులు మారిన ప్రతిసారీ కిరాయి కొంత కరుగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం బ్యాలెన్స్ ఎవరు ఇవ్వాలో తేలకపోవడం. అందుకని నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "ఎల్‌ఆర్ ఎవరి పేరు మీద?" లారీ రసీదు మీద ఉన్న పేరు, నాతో మాట్లాడిన పేరు ఒకటైతే సగం భయం తీరింది. వేరైతే, ఎల్‌ఆర్ మీద ఉన్న ఆఫీసుకి నేనే ఫోన్ చేసి "ఈ నంబర్ బండి మీ లోడుకే పెడుతున్నారా, కిరాయి ఎంత, బ్యాలెన్స్ ఎవరిస్తారు" అని అడుగుతాను. దీనికి చిరాకుపడే బ్రోకర్ లోడు నేను తీసుకోను.

2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ప్రకారం ఇలా సరుకు తీసుకుని రసీదు ఇచ్చే కామన్ క్యారియర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగడంలో తప్పేం లేదు. పేరున్న ఆఫీసులు లెటర్‌హెడ్ మీదే వేసుకుంటాయి.

కొత్త ఆఫీసుతో మొదటి మూడు ట్రిప్పులు చిన్నవి తీసుకోండి. బ్యాలెన్స్ ఎలా ఇస్తారో 15,000 లోడులో తెలుసుకోవడం మంచిది, 90,000 లోడులో కాదు. మాట్లాడుకున్నవన్నీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా పెట్టి "ఓకే" అనిపించుకోండి: టన్ను రేటు, ఎన్ని టన్నులకి గ్యారంటీ, అడ్వాన్స్, బ్యాలెన్స్ ఎన్ని రోజులకి, హాల్టింగ్ ఎన్ని గంటల తరువాత మొదలు, రోజుకి ఎంత, హమాలీ ఖర్చు ఎవరిది. ఈ గ్యారంటీ టన్నుల మాట మర్చిపోవద్దు. 24 టన్నులన్నారు, ఫ్యాక్టరీలో 20 టన్నులే ఎక్కించారు, కిరాయి 20కే ఇచ్చారు, ఇలా నష్టపోయిన బండ్లు ఎన్నో.

ఓవర్‌లోడ్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎక్కువగా ఆశపెట్టేది ఈ మార్కెట్‌లోనే. 2018లో యాక్సిల్ బరువులు పెంచాక 10 టైర్ల బండి మొత్తం బరువు 28 టన్నులు, 12 టైర్లది 35, 14 టైర్లది 42 దాకా వెళ్లింది. దాని మీద ఎక్కిస్తే 2019 సవరణ తరువాత జరిమానా 20,000, దానికి తోడు అదనపు ప్రతి టన్నుకీ 2,000, పైగా అదనపు సరుకు అక్కడే దించాలి. మూడు టన్నులు ఎక్కువ ఎక్కిస్తే 26,000. "ఆ రూట్‌లో ఎవరూ ఆపరు" అని చెప్పేవాడు ఆపినప్పుడు జరిమానా కట్టడు. రేటు తక్కువ చెప్పి "టన్నులు ఎక్కువ ఎక్కించుకో" అనే లోడుని అసలు రేటుతోనే తూచండి. టైరు, బ్రేకు, ప్రాణం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అసోసియేషన్ సీరియల్

సిమెంట్ ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రాలు, పోర్టులు ఉన్నచోట లోకల్ లారీ ఓనర్ల అసోసియేషన్లు కంపెనీతో రేటు మాట్లాడుకుని సీరియల్ ప్రకారం బండ్లు పెడతాయి. జగ్గయ్యపేట, మేళ్లచెరువు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, తాండూరు వైపు వేల కుటుంబాలు ఈ సీరియల్ మీదే బతుకుతున్నాయి. బేరం ఆడక్కర్లేదు, బ్రోకర్ లేడు, సరుకు ఎప్పుడూ ఒకటే కాబట్టి డ్రైవర్‌కి అలవాటైపోతుంది. గొడవ వస్తే వెనక అసోసియేషన్ ఉంటుంది. ఒంటరి ఓనర్‌కి ఇది చిన్న విషయం కాదు. కంపెనీ రేటు తగ్గిస్తానంటే ఒక్కడి మాట ఎవరు వింటారు? వంద బండ్లు ఆగితే వింటారు.

కానీ సీరియల్ పొడవు మన చేతిలో ఉండదు. ఫ్యాక్టరీ అవే టన్నులు పంపిస్తుంది, కొత్తవాళ్లు బండ్లు కొంటూనే ఉంటారు. వానాకాలంలో కట్టుబడి పనులు మందగించి సిమెంట్ కదలదు, సీరియల్ సాగుతుంది. చేరే ముందు ఆఫీసులో కూర్చుని గత సంవత్సరం రిజిస్టర్ చూపించమని అడగండి. ఒక బండికి జూలైలో ఎన్ని ట్రిప్పులు పడ్డాయి, మార్చిలో ఎన్ని? మార్చి లెక్క చూసి బండి కొన్నవాళ్లు ఆగస్టులో ఫైనాన్స్‌వాళ్లకి దొరక్కుండా తిరగడం నేను చూశాను. ఇంకో మాట, చాలాచోట్ల బయటి ప్రాంతం బండిని సభ్యత్వంలోకి రానివ్వరు. ముందు అది తేల్చుకోండి.

పర్మిట్ కూడా చూసుకోవాలి. జగ్గయ్యపేట దాటితే కోదాడ, అంటే తెలంగాణ. 2014 విభజన తరువాత ఏపీ పర్మిట్ ఒక్కటే ఉన్న బండి అవతలికి వెళ్లాలంటే టెంపరరీ పర్మిట్ తీసుకోవాల్సి వస్తోంది. నేషనల్ పర్మిట్ ఉంటే ఆ బాధ లేదు. సగం లోడ్లు హద్దు దాటేవైతే ఆ ఖర్చు కూడా రోజు లెక్కలో వేయండి.

సిమెంట్‌లో కోత బస్తాకి ఉంటుంది. 24 టన్నులంటే 480 బస్తాలు. చినిగినవి, తడిసినవి డీలర్ రేటుకి కోస్తారు. పట్టా బాగుంటే ఇందులో ముప్పాతిక తప్పుతుంది. పాత పట్టాతో సిమెంట్ ఎక్కించవద్దు.

పార్సిల్ కంపెనీకి అటాచ్

మన దగ్గర పెద్ద పార్సిల్ కంపెనీలు చాలానే పుట్టాయి, విజయవాడ నుంచి నవత, సికింద్రాబాద్ నుంచి గతి అందరికీ తెలిసినవే. కొన్ని కంపెనీలు ఎక్కువగా సొంత బండ్లే నడుపుతాయి, వీఆర్ఎల్ అలాంటిదే. కొన్ని బయటి బండ్లని నెల లెక్కనో, ట్రిప్పు లెక్కనో, కిలోమీటర్ లెక్కనో పెట్టుకుంటాయి. ఒక రూట్ ఇస్తారు, విజయవాడ నుంచి హైదరాబాద్, లేదా చెన్నై, లేదా బెంగళూరు. రాత్రి ఎక్కి తెల్లారేసరికి దిగాలి.

నెలకి ఇన్ని ట్రిప్పులని తెలిసి ఉండటం ఎంత ధైర్యమో, ఏ రోజు లోడు ఉంటుందో తెలియక ఆటోనగర్‌లో నిలబడినవాడికే అర్థమవుతుంది. రానూపోనూ లోడు ఉంటుంది. పార్సిల్ సరుకు జాగా ఎక్కువ తీసుకుంటుంది, బరువు తక్కువ. అందువల్ల మైలేజీ, టైర్లు, ఇంజిన్ మూడూ బాగుంటాయి. దించడం, ఎక్కించడం వాళ్ల డిపోలో వాళ్ల మనుషులే.

ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు గట్టిగా చూడాలి. ఒకటి, బండి. చాలామంది క్లోజ్డ్ కంటైనర్ బాడీ అడుగుతారు. ఓపెన్ బాడీని కంటైనర్‌గా మారిస్తే రేపు కాంట్రాక్ట్ పోయాక ధాన్యం, గ్రానైట్, ఇనుము లోడ్లకి పనికిరాదు. ఒక కంపెనీ కోసం బాడీ మార్చడం అంటే ఆ కంపెనీకి బండి తాకట్టు పెట్టినట్టే. రెండేళ్ల రాత ఒప్పందం లేకుండా చేయవద్దు. రెండు, లేట్ పెనాల్టీ. మీ తప్పు లేకుండా వాళ్ల డిపోలోనే లోడింగ్ ఆలస్యమైతే బయలుదేరిన టైమ్ ఎవరు రాస్తున్నారు? గేట్ పాస్ ఫోటో తీసి పెట్టుకునే అలవాటు డ్రైవర్‌కి నేర్పండి. మూడు, డీజిల్. రేటు ఖరారు చేసినప్పుడు డీజిల్ ఎంతుందో రాసి, అంతకి మించి పెరిగితే కిలోమీటర్‌కి ఎంత పెంచుతారో రాయించుకోవాలి. ఆ లైను లేని ఒప్పందంలో లాభం మొదటి ఆరు నెలలే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, బిల్లు ఎప్పుడు పాస్ అవుతుంది? ఇక్కడ అడ్వాన్స్ తక్కువ, బిల్లు పద్ధతి ఎక్కువ. నెలకి 2,50,000 బిల్లు, 60 రోజులకి చెల్లింపు అనుకోండి. మీ డబ్బు 5 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటుంది. అందులో డీజిల్, టోల్, బత్తా కింద మీ చేతి నుంచి పెట్టింది 3 లక్షలైనా ఉంటుంది. అది నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చారంటే నెలకి 6,000 వడ్డీకే పోతుంది. రోజుకి 200. 30 రోజుల్లో ఇచ్చే కంపెనీ కిలోమీటర్‌కి కొంచెం తక్కువ ఇచ్చినా అదే మంచిది కావచ్చు. రెండు కంపెనీలని పోల్చేటప్పుడు ఈ వడ్డీ తీసేసి పోల్చండి. డీజిల్ కార్డు ఇచ్చి బిల్లులో సర్దుకునే కంపెనీ అయితే ఈ భారం చాలావరకు తగ్గుతుంది.

డైరెక్ట్ పార్టీ

కైకలూరు, ఆకివీడు వైపు చేపల వ్యాపారులు, తణుకు వైపు కోడిగుడ్ల వ్యాపారులు, చీమకుర్తి గ్రానైట్‌వాళ్లు, వీళ్లలో చాలామందికి నమ్మకమైన సొంత బండివాళ్లు ఉంటారు. మధ్యవర్తి లేడు కాబట్టి కిరాయి అందరికంటే ఇక్కడే బాగుంటుంది. కానీ ఇది వెతికితే దొరికేది కాదు, ఏళ్లుగా సంపాదించుకునేది. చేప లోడు టైమ్‌కి చేరకపోతే మంచు కరిగి సరుకే పోతుంది, ఆ ఒత్తిడి డ్రైవర్ మీద పడుతుంది. నిద్ర లేకుండా బెంగాల్ దాకా నడిపించే లోడుకి ఇద్దరు డ్రైవర్లని పెట్టే స్తోమత ఉంటేనే ఒప్పుకోండి. ఒకే పార్టీ మీద పూర్తిగా ఆధారపడటం కూడా మంచిది కాదు, వాళ్ల సరుకు రేటు పడితే మీ కిరాయి బాకీ పడుతుంది.

యాప్‌లు

2015లో బెంగళూరులో మొదలైన బ్లాక్‌బక్ 2024 నవంబర్‌లో షేర్ మార్కెట్‌కి కూడా వెళ్లింది. వాహక్‌లాంటివి ఇంకా ఉన్నాయి. ఫాస్టాగ్, జీపీఎస్, డీజిల్ కార్డు, లోడు బోర్డు అన్నీ ఒక్క ఫోన్‌లో. నాకు వీటి వల్ల జరిగిన పెద్ద మేలు తెలియని ఊళ్లో రేటు తెలియడం. నాగ్‌పూర్‌లో ఖాళీ అయినప్పుడు అక్కడి బ్రోకర్ చెప్పిన రేటే వేదం అనుకునే రోజులు పోయాయి. బోర్డు మీద నాలుగు లోడ్లు చూసి, వాటి రేట్లు చూపించి మాట్లాడవచ్చు.

కానీ ఒక సంగతి. బోర్డు మీద లోడు పెట్టిన ప్రతివాడికీ యాప్ పూచీ పడదు అనుకునే మాట్లాడండి. అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది మళ్లీ బ్రోకర్లే. "ముందు కమీషన్ గూగుల్ పే చేయండి, లోడింగ్ స్లిప్ పంపిస్తాను" అన్నవాడికి నేనూ ఒకసారి 2,000 పంపాను. ఆ నంబర్ మళ్లీ కలవలేదు. లోడు బండిలో ఎక్కి, ఎల్‌ఆర్ చేతికి వచ్చేదాకా ఎవరికీ కమీషన్ ఇవ్వవద్దు. ఇంతకంటే ఘోరమైనది, మధ్యవాడు పార్టీ దగ్గర మన కిరాయి అడ్వాన్స్ తీసుకుని మాయమవడం. బండి లోడుతో నిలబడి ఉంటుంది, పార్టీ "డబ్బులిచ్చాం కదా" అంటాడు. అందుకే ఫ్యాక్టరీ గేటు దగ్గరే "కిరాయి ఎవరికి ఇస్తున్నారు" అని పార్టీ మనిషిని నేరుగా అడగాలి.

నా అభిప్రాయంలో యాప్ తిరుగు లోడుకి బంగారం, వెళ్లే లోడుకి మాత్రం రెండో దారే.

డబ్బు తొందరగా రావడానికి రెండు కాగితాలు

10 లేదా అంతకంటే తక్కువ లారీలు ఉన్నవాళ్లు పాన్ ఇచ్చి, అన్ని బండ్లే ఉన్నాయని రాసి సంతకం చేసి ఇస్తే కిరాయిలో టీడీఎస్ (చెల్లించేవాళ్లే ముందుగా కోసే ఆదాయపన్ను) కోయకూడదు. చాలామంది ఈ డిక్లరేషన్ ఇవ్వక కోయించుకుంటారు, పాన్ కూడా ఇవ్వకపోతే కోత 20 శాతం. ఏడాదికి ఒకసారి ప్రతి ఆఫీసుకీ ఒక కాపీ ఇచ్చి, తీసుకున్నట్టు ఫోటో పెట్టుకోండి. ఆదాయపన్ను లెక్క కూడా మనకి తేలికే, 12 టన్నుల పైన ఉన్న బండికి టన్నుకి నెలకి 1,000 చొప్పున ఆదాయంగా చూపించే వీలుంది. 35 టన్నుల బండికి ఏడాదికి 4,20,000. పుస్తకాలు రాయక్కర్లేదు. ఈ రిటర్న్‌లు ఉంటే రెండో బండికి ఫైనాన్స్ కూడా తక్కువ వడ్డీకి వస్తుంది.

రెండోది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు. ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైతే కంపెనీ మీ బిల్లు ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు ఇవ్వాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అలా ఆపిన మొత్తాన్ని కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. లోడు ఇచ్చేవాడి మీద ఫిర్యాదుకి వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ లేదు. ఫిర్యాదు దాకా వెళ్లక్కర్లేదు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ వేస్తే అకౌంట్స్‌లో ఆ బిల్లు పైకి వస్తుంది.

డీజిల్ సంగతి ఒక్క మాట. ఆంధ్రలో కంటే కర్ణాటకలో, యానాంలో తక్కువ. బెంగళూరు రూట్ చూసేటప్పుడు ఆ తేడాని లెక్కలో వేయండి, 300 లీటర్ల ట్యాంక్‌కి అది చిన్న మొత్తం కాదు. ఈ-వే బిల్లు (సరుకుతో ఉండాల్సిన ఆన్‌లైన్ జీఎస్టీ కాగితం) గడువు రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. బండి దారిలో ఆగిపోతే గడువు పొడిగించమని పంపినవాళ్లకి వెంటనే ఫోన్ చేయాలి, లేకపోతే తనిఖీలో ఆగేది మన బండే.

ఎవరికి ఏది

కొత్త బండి, పెద్ద ఈఎంఐ, మీరు వేరే పనిలో ఉండి డ్రైవర్‌తో నడిపిస్తున్నారు: పార్సిల్ అటాచ్ చూడండి, 45 రోజుల్లోపు చెల్లింపు, డీజిల్ పెరిగితే రేటు పెంచే లైన్ ఉంటేనే. డ్రైవర్ రూట్ మీద ఉంటాడు, లెక్క తేలికగా తెలుస్తుంది.

మీరే నడుపుతారు, వయసులో ఉన్నారు, హిందీ వచ్చు: తెలిసిన ఆఫీసులు రెండు మూడు పట్టుకుని లాంగ్ రూట్, తిరుగు లోడు యాప్‌లో. కష్టం ఎక్కువ, కానీ సీజన్‌లో ఎవరూ సంపాదించనంత సంపాదిస్తారు. ఏడాదిలో నాలుగు నెలలు వచ్చిన డబ్బు మిగతా ఎనిమిది నెలలకి దాచుకోగలిగితేనే.

పాత బండి, ఈఎంఐ తీరిపోయింది, ఇల్లు ఫ్యాక్టరీ దగ్గరే: సీరియల్. రోజుకి 1,500 మిగిలినా అది మీదే. పాత బండిని ఢిల్లీ మామిడికి పంపుదామని ఆశపడవద్దు. 2025 నవంబర్ 1 నుంచి ఢిల్లీ బయట నమోదైన బీఎస్-3 (బీఎస్ అంటే పొగ కాలుష్య ప్రమాణం), అంతకంటే పాత సరుకు బండ్లకి ఢిల్లీ ప్రవేశం లేదు, బీఎస్-4 బండ్లకి 2026 అక్టోబర్ 31 దాకే గడువు ఇచ్చారు. ఆజాద్‌పూర్ మండీ లోడు ఒప్పుకునే ముందు ఆర్‌సీ తీసి ఏ బీఎస్ ఉందో చూడండి.

నేను ఇప్పుడు చేస్తున్నది కలగలుపు. నెలలో సగం రోజులు ఒకే ఆఫీసు హైదరాబాద్ లోడ్లు, అక్కడి కిరాయి కొంచెం తక్కువే, కానీ బ్యాలెన్స్ పది రోజుల్లో పడుతుంది. ఆ డబ్బుతో ఈఎంఐ కట్టేస్తాను. మిగిలిన సగం, రేటు బాగున్న చోటికి. బండిలో ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంటుంది. ట్రిప్పుకి ఒక పేజీ: ఎక్కిన తేదీ, దిగిన తేదీ, కిరాయి, ఖర్చు, బ్యాలెన్స్ వచ్చిన తేదీ, చివర రోజుకి ఎంత. రేటు తగ్గిందనో పెరిగిందనో ఏ ఆఫీసు ఫోన్ చేసినా, మాట్లాడే ముందు ఆ ఆఫీసు పేజీలు తిప్పి చూస్తాను.